అంబలి ముంత నుండి ఓట్స్ డబ్బా వరకు

శనివారం ఉదయం మా తెలుగు తరగతిలో పాఠానికి ముందు పిల్లలను ఒక ప్రశ్న అడగడం మాకు అలవాటు. "ఈ పొద్దున ఏమి తిన్నారు? పూర్తి వాక్యంలో చెప్పండి" అంటాము. వాక్యం కట్టడం నేర్పడానికి ఇంతకంటె సులువైన దారి మాకు తోచలేదు. ఒకరు రోటీ చనాయ్ అంటారు, ఒకరు నాసి లెమాక్ అంటారు, ఒకరు ఇడ్లీ అంటారు. ఈ మధ్య ఎక్కువగా వినవచ్చే జవాబు మాత్రం "నేను పాలలో సీరియల్ వేసుకొని తిన్నాను" అన్నది. ఒకనాడు తొమ్మిదేళ్ల పాప ఒకతె డబ్బా మీది మాటలు గుర్తు పెట్టుకొని వచ్చి, "మాస్టారూ, హోల్ గ్రెయిన్ అంటే తెలుగులో ఏమనాలి?" అని అడిగింది.

మేము తడబడ్డాము. మేమూ తెలుగు చదవడం, వ్రాయడం సంఘం వారి తరగతులలో నేర్చుకొన్నవారమే. ఇంట్లో విన్నది కొంత, పుస్తకంలో చూసినది కొంత. "సంపూర్ణ ధాన్యము" అని నల్లబల్ల మీద వ్రాశాము గాని, ఆ మాటను ఎవరి నోటా విన్న జ్ఞాపకం లేదు. మనవడిని తీసుకొని వెళ్లడానికి వచ్చి వరండాలో కూర్చున్న ఒక మామ్మగారు మా అవస్థ గమనించి, "అదేముంది బాబూ, తవుడు పోని గింజ. దంపుడు బియ్యం, చోళ్ళు, గంటెలు, అన్నీ అవే గదా. మా చిన్నప్పుడు అదే తిని తోటలోకి పోయేవాళ్ళం" అన్నారు.

ఆ మాట మమ్మల్ని చాలా దూరం నడిపించింది. పొద్దుటి పూట ఫలహారంగా ముడి గింజను డబ్బాలో పెట్టి అమ్మడం ఎప్పుడు మొదలైంది? మన పెద్దలు తోట లైను ఇళ్ళలో తిన్న గింజకూ దానికీ సంబంధం ఏమిటి? ఈ రెండు ప్రశ్నలకు మాకు దొరికిన సమాధానాలను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

గింజలో ఏమున్నది

వరి కానివ్వండి, గోధుమ కానివ్వండి, ఊక పోయిన తరువాత గింజలో మూడు భాగాలు ఉంటాయి. పైన సన్నని పొరలు. వరిలో వీటినే తవుడు అంటాము, గోధుమలో పొట్టు అంటాము. లోపల ఎక్కువ భాగం తెల్లని పిండి. ఒక కొన వద్ద మొలకెత్తే అంకురము. శక్తినిచ్చే పిండి మధ్య భాగంలో ఉంటే, పీచు, బి విటమినులు, ఖనిజాలు, నూనె ఎక్కువగా పై పొరలలోను అంకురములోను ఉంటాయి. ఈ మూడూ వాటి సహజమైన పాళ్ళలో మిగిలి ఉంటే అది ముడి గింజ. దానిని పిండి పట్టవచ్చును, అటుకుల వలె నొక్కవచ్చును, ఉడికించవచ్చును. ఏదీ తీసివేయకుండా ఉంటే చాలు.

మరి తవుడును ఎందుకు తీస్తారు? తెల్లని, మెత్తని అన్నం మీద మోజు ఒక కారణం. తవుడులోను అంకురములోను ఉండే నూనె వల్ల ముడిబియ్యం త్వరగా ముక్కిపోవడం మరొక కారణం. ఓడలలో నెలల తరబడి పంపే వ్యాపారికి తెల్ల బియ్యమే లాభం. రోకలితో దంచినంత కాలం ఎంత దంచినా కొంత తవుడు గింజను అంటిపెట్టుకొని ఉండేది. 19వ శతాబ్దం రెండవ సగంలో వరికి ఆవిరి మిల్లులు, గోధుమకు ఉక్కు రోలర్ల మిల్లులు వచ్చిన తరువాత, అంతకుముందు ధనవంతులకే దక్కిన తెల్ల బియ్యం, తెల్ల పిండి సామాన్యులకు కూడా చౌకగా అందాయి. ఈ తెలుపు వెనుక ఉన్న ప్రమాదాన్ని లోకం తెలుసుకోవడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఆరోగ్యాశ్రమాలలో పుట్టిన ఫలహారం

తెల్ల పిండి మీద మొదట తిరగబడినవారు అమెరికాలోని మత బోధకులు, వైద్యులు. సిల్వెస్టర్ గ్రాహం (1794-1851) అనే బోధకుడు పొట్టు తీయని గోధుమ పిండి రొట్టెనే తినవలెనని ఊరూరా ఉపన్యసించాడు. ఆయన పేరు మీద ఆ పిండికి గ్రాహం పిండి అన్న పేరు నిలిచింది. ఆయన మార్గంలోనే నడిచిన జేమ్స్ కేలబ్ జాక్సన్ అనే వైద్యుడు 1863లో, న్యూయార్క్ రాష్ట్రంలోని డాన్స్‌విల్లో నడిపిన ఆశ్రమంలో, ఆ పిండిని ముద్ద చేసి కాల్చి, ముక్కలు చేసి, మళ్ళీ కాల్చి, పొడిగొట్టి "గ్రాన్యులా" అని పేరు పెట్టాడు. అది రాయి వలె గట్టిగా ఉండేది. రాత్రి పాలలో నానవేస్తే గాని తెల్లవారి తినడానికి వీలయ్యేది కాదు. మన చద్దన్నం రాత్రి నీళ్ళలో నానినట్లే వారి గ్రాన్యులా కూడా రాత్రంతా నానిందని చదివినప్పుడు మాకు నవ్వు వచ్చింది.

తరువాతి కథ మిషిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్ పట్టణంలో జరిగింది. అక్కడ సెవెన్త్ డే అడ్వెంటిస్టుల ఆరోగ్యాశ్రమానికి అధిపతి డాక్టర్ జాన్ హార్వీ కెలాగ్. రోగులకు మాంసం లేని, సులువుగా అరిగే భోజనం పెట్టాలన్నది ఆయన పట్టుదల. 1894లో ఆయన, తమ్ముడు విల్ కీత్ కెలాగ్ కలిసి, ఉడికించి కొంతసేపు వదిలివేసిన గోధుమ ముద్దను రోలర్ల మధ్య పంపగా, అది ఒకే రేకుగా రాకుండా గింజకొక అటుకు చొప్పున విడిపోయింది. దానిని కాల్చి రోగులకు పెట్టారు. వారికి నచ్చింది. 1896లో ఈ పద్ధతికి పేటెంటు లభించింది. మన ఆడవారు నానిన వడ్లను వేయించి రోకలితో దంచి అటుకులు చేయడం చూసినవారికి ఈ పని మరీ కొత్తగా తోచదు. యంత్రము, పేటెంటు, ప్రకటనలు మాత్రం కొత్తవి.

అన్నదమ్ముల మధ్య తగవు చక్కెర దగ్గర వచ్చింది. రుచి కోసం చక్కెర కలపాలన్నాడు తమ్ముడు, కూడదన్నాడు అన్న. 1906లో తమ్ముడు వేరుపడి మొక్కజొన్న అటుకుల కంపెనీ పెట్టాడు. కార్న్ ఫ్లేక్స్ లోకమంతటా వ్యాపించింది ఆయన వల్లనే. ఆ ఆశ్రమంలోనే ఒకప్పుడు రోగిగా ఉన్న సి. డబ్ల్యు. పోస్ట్ 1897లో గ్రేప్ నట్స్ తెచ్చాడు. పేరులో ద్రాక్ష, గింజపప్పు ఉన్నా డబ్బాలో ఉన్నది గోధుమ, బార్లీ మాత్రమే. అంతకు ముందే, 1893లో, హెన్రీ పెర్కీ అనే ఆయన ఉడికించిన గోధుమను దారాలుగా తీసి, పొరలు పేర్చి కాల్చే యంత్రానికి పేటెంటు పొందాడు. అది ష్రెడెడ్ వీట్. స్విట్జర్లండులోని జూరిక్ నగరంలో డాక్టర్ బిర్చర్ బెన్నర్ 1900 ప్రాంతాలలో తన రోగులకు తురిమిన ఆపిల్ పండులో నానిన ఓట్స్ చెంచాడు కలిపి పెట్టాడు. నేటి మ్యూస్లీకి అది మూలం. ఆస్ట్రేలియాలో 1920లలో గోధుమ బిళ్ళలు వచ్చాయి. వాటి నుండి 1932లో ఇంగ్లండులో వీటాబిక్స్ వచ్చింది.

ఇక ఓట్స్. ఇంగ్లండులో చాలాకాలం ఇది గుర్రాల దాణా. స్కాట్లండులో మాత్రం మనుషుల ప్రధానాహారం. చలి దేశంలో గోధుమ సరిగా పండని చోట ఇది పండేది. అమెరికాలో ఫెర్డినాండ్ షూమాకర్ అనే జర్మన్ వర్తకుడు 1850లలో ఒహైయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో ఓట్స్ మిల్లు పెట్టాడు. 1877లో నమోదైన క్వేకర్ బొమ్మ, పొద్దుటి ఫలహార ధాన్యాలకు ఆ దేశంలో నమోదైన మొదటి వ్యాపార చిహ్నము. ఓట్స్ గింజకు ఊక తీసి, ఆవిరి పట్టి, రోలర్ల మధ్య నొక్కితే అటుకులవుతాయి. ఆవిరి పట్టకపోతే గింజలోని నూనె చెడి చేదెక్కుతుంది. ఊక పోయినా పై పొర, అంకురము మిగులుతాయి కనుక ఓట్స్ అటుకులు ముడి ధాన్యమే.

మా అమ్మమ్మ పనిచేసిన కొబ్బరి తోట దిగువ పేరాక్‌లో ఉండేది. తోట దొరలలో స్కాట్లండు వారు ఉండేవారు. దొర బంగళాలో వంట చేసిన ఒక పెద్దావిడ, "దొర తినేది కూడా జావే. ఉప్పేసుకొని తినేవాడు. మనది నల్ల జావ, వాళ్ళది తెల్ల జావ, అంతే తేడా" అని చెప్పగా చిన్నతనంలో విన్నాము. ఆ రోజుల్లో నవ్వుకొన్నాము. ఇప్పుడు ఆలోచిస్తే, దొర పళ్ళెంలోను కూలి ముంతలోను పొద్దున్నే ఉన్నది తవుడు పోని గింజే అని తెలుస్తున్నది.

ఈ గడ్డ మీద జరిగిన పరీక్షలు

తెల్ల బియ్యం వల్ల కలిగే కీడును రుజువు చేయడంలో మలయాకు పెద్ద పాత్ర ఉన్నది. మన పిల్లల చరిత్ర పుస్తకాలలో ఇది ఎక్కడా కనిపించదు కనుక కొంచెం వివరంగా చెబుతాము.

19వ శతాబ్దం చివర ఇక్కడి తగరపు గనులలో చీనా కూలీలు బెరిబెరి వ్యాధితో పెద్ద సంఖ్యలో మరణించారు. కాళ్ళు తిమ్మిరెక్కి, నడక తప్పి, ఒళ్ళు ఉబ్బి, గుండె ఆగిపోయే వ్యాధి అది. ఇది అంటురోగమని కొందరు, గాలి దోషమని కొందరు వైద్యులు వాదించారు. నెగ్రి సెంబిలాన్‌లో పనిచేసిన డాక్టర్ బ్రాడన్ ఒక సంగతి పట్టుకొన్నాడు. సయాం నుండి వచ్చే తెల్ల బియ్యం తినే చీనా కూలీలకు వ్యాధి వస్తున్నది. ఉప్పుడు బియ్యం తినే తమిళ కూలీలకు రావడం లేదు. 1907లో ఆయన దీనిని గ్రంథంగా ప్రకటించాడు.

అంతకు రెండేళ్ళ ముందు, 1905లో, డాక్టర్ విలియం ఫ్లెచర్ కౌలాలంపూరు మానసిక చికిత్సాలయంలో పరీక్ష మొదలుపెట్టాడు. రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి తెల్ల బియ్యం, మరొక భాగానికి ఉప్పుడు బియ్యం పెట్టించాడు. తెల్ల బియ్యం తిన్న 120 మందిలో బెరిబెరి విజృంభించి 18 మంది చనిపోయారు. ఉప్పుడు బియ్యం తిన్న 123 మందిలో ఆ వ్యాధితో ఒక్కరూ చనిపోలేదు. ఆ మరణాలను తలచుకొంటే మనసు కలుక్కుమంటుంది. వారిని ఎవరూ అనుమతి అడిగి ఉండరు. పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు ఆ మాట కూడా చెబుతాము.

ఆ వెంటనే కౌలాలంపూరులోని వైద్య పరిశోధనాలయానికి చెందిన ఫ్రేజర్, స్టాంటన్ అనే వైద్యులు నెగ్రి సెంబిలాన్ అడవులలో రోడ్డు వేస్తున్న సుమారు 300 మంది జావా కూలీలతో ఇటువంటి పరీక్షే చేశారు. తెల్ల బియ్యం తిన్న గుంపులో వ్యాధి కనిపించింది. బియ్యం మార్చితే వ్యాధి కూడా గుంపు మారింది. తవుడులో ఉన్నదేదో వ్యాధిని అడ్డుకొంటున్నదని దీనితో తేలిపోయింది. జావా ద్వీపంలో ఐక్మన్ అనే డచ్చి వైద్యుడు 1890లలోనే కోళ్ళలో ఇదే కనిపెట్టాడు; 1929లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఉప్పుడు బియ్యం సంగతి ఒక్క మాట. వడ్లను నానవేసి, ఆవిరి పట్టి, ఎండబెట్టి, ఆ తరువాత మిల్లు పట్టిన బియ్యం అది. తవుడు పోతుంది కనుక దానిని ముడిబియ్యం అనలేము. కాని ఆవిరి పట్టేటప్పుడు తవుడులోని విటమిను కొంత గింజ లోపలికి దిగుతుంది. అందుచేత తవుడు పోయినా బలం పూర్తిగా పోదు.

మన తీరము, మన లోపము

ఇక్కడ మన వారికి కొంచెం చేదైన నిజం ఒకటి చెప్పాలి. "మన పూర్వులు అన్నీ తెలిసి తిన్నారు, అందుకే ఆరోగ్యంగా ఉన్నారు" అని సభలలో మనం తరచు అంటూ ఉంటాము. బెరిబెరి చరిత్ర దీనిని ఒప్పుకోదు. భారతదేశంలో ఈ వ్యాధి ముఖ్యంగా పాతుకొన్నది ఉత్తర సర్కారు జిల్లాలలో, అనగా విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతపు తీరంలో. మనలో చాలామంది పూర్వులు ఓడ ఎక్కినది ఆ తీరం నుండే. తమిళ దేశంలో ఉప్పుడు బియ్యం వాడుక ఎక్కువ. మన తీరంలో పచ్చి బియ్యం వాడుక. ఇంట్లో దంచుకొన్నంత కాలం పచ్చి బియ్యంలోనూ తవుడు కొంత మిగిలేది. మిల్లులు వచ్చి బియ్యం తళతళలాడిన తరువాత, పేద ఇళ్ళలో కూర, పప్పు చాలని చోట, వ్యాధి వచ్చింది.

కూనూరులో డాక్టర్ మెకారిసన్ 1918లో మొదలుపెట్టిన బెరిబెరి విచారణ విభాగమే పెరిగి పోషకాహార పరిశోధనాలయం అయింది. 1958లో అది హైదరాబాదుకు మారింది. ఈనాడు జాతీయ పోషకాహార సంస్థ అని పిలవబడుతున్నది అదే.

ఆ తవుడులోని పదార్థం ఏమిటో చివరికి తేల్చిన శాస్త్రజ్ఞుడు పుట్టినది తెలుగు నేల మీదనే. రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్ 1886లో నెల్లూరులో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ దంపతులకు జన్మించాడు. పెద్దవాడై మనీలాలో రసాయన శాస్త్రజ్ఞుడిగా పనిచేస్తున్నప్పుడు, తవుడు సారం కొన్ని చుక్కలు వేయగా బెరిబెరితో చావుబ్రతుకుల మధ్య ఉన్న పసిబిడ్డ తేరుకోవడం కళ్ళారా చూశాడు. ఆ పైన టెలిఫోను పరిశోధనాలయంలో ఉద్యోగం చేసుకొంటూనే, తీరిక వేళలలో ఏళ్ల తరబడి ఆ పదార్థం వెంట పడి, 1936లో దానిని కృత్రిమంగా తయారుచేయగలిగాడు. అదే థయమిన్, అనగా విటమిన్ బి1. 1940ల నుండి అమెరికాలో తెల్ల పిండికి దానిని తిరిగి కలపడం మొదలైంది. నేటి సీరియల్ డబ్బాల మీద "విటమినులు చేర్చబడినవి" అన్న మాట వెనుక ఈ చరిత్ర ఉన్నది. కలిపేది కొన్ని విటమినులు, ఇనుము వంటివి మాత్రమే. తవుడుతో పోయిన పీచు, మిగిలిన సారము తిరిగి రావు.

చోళ్ళు, యుద్ధము, సిగ్గు

రాగులను శ్రీకాకుళం, విశాఖ వారు చోళ్ళు అంటారు. తెలంగాణ వారు తైదలు అంటారు. ఈ గింజ మొదట తూర్పు ఆఫ్రికా కొండలలో సాగై, వేల ఏళ్ల క్రితమే భారతదేశం చేరింది. గింజ ఎంత చిన్నదంటే దాని పై పొరను విడదీయడం కష్టం. అందువల్ల పొట్టుతో సహా పిండి పట్టడమే వాడుక. వరి తెల్లబడింది, గోధుమ తెల్లబడింది. చోళ్ళు మాత్రం నల్లగానే ఉండిపోయాయి. నూరు గ్రాములలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉండే ధాన్యం మరొకటి మనకు తెలియదు.

మలయా తెలుగువారికి చోళ్ళతో రెండు రకాల జ్ఞాపకాలు ఉన్నాయి. ఒకటి ఊరి నుండి తెచ్చుకొన్నది. రెండవది యుద్ధకాలపుది. యుద్ధానికి ముందు ఈ దేశం తనకు కావలసిన బియ్యంలో సుమారు మూడింట రెండు వంతులు బర్మా, సయాం వంటి దేశాల నుండి తెప్పించుకొనేది. 1941 డిసెంబరులో జపాను సేనలు దిగి, 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయిన తరువాత ఆ దిగుమతి కుంటుపడింది. జనం కర్రపెండలం, చిలగడదుంప తిని బ్రతికారు. తోటలలో చోళ్ళు కూడా పండించారు. సయాం-బర్మా రైలు మార్గం పనికి తోటల నుండి తరలింపబడిన తమిళ, తెలుగు కూలీలలో వేలాదిమంది తిరిగి రాలేదు. అక్కడి చావులలో కలరా, మలేరియాలతో బాటు బెరిబెరి పాత్ర కూడా ఉన్నది. ముప్పై ఏళ్ల క్రితం ఆసుపత్రి పరీక్షలతో రుజువైన సత్యం ఆ అడవిలో ఎవరికీ అక్కరకు రాలేదు.

1945లో యుద్ధం ముగిసింది. బియ్యం తిరిగి వచ్చాక చాలా ఇళ్ళలో చోళ్ళను వదిలిపెట్టారు. మా అమ్మమ్మ మాత్రం వదలలేదు. సాయంత్రం చోడి పిండిని నీళ్ళలో కలిపి మట్టి ముంతలో ఉంచేది. తెల్లవారుజామున, హాజరు పిలుపుకు ముందే లేచి, గుప్పెడు నూకలు ఉడికించి, పులిసిన ఆ పిండి నీళ్ళు పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో కలియబెట్టేది. చల్లారిన తరువాత మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్క. అది త్రాగి తాత కొబ్బరికాయలు దించడానికి వెళ్తే మధ్యాహ్నం దాకా ఆకలి అనేవాడు కాడు. చోళ్ళు లేని రోజున తరవాణి, అదీ లేకపోతే చద్దన్నం.

మేము చదువుకొన్న బడిలో ఒకనాడు ఉపాధ్యాయుడు, పొద్దున ఏమి తిన్నారని వరుసగా అడిగాడు. మా వంతు వచ్చేసరికి నోట అంబలి అన్న మాట రాలేదు. "బిస్కట్లు, మైలో" అని చెప్పాము. ఇంటికి వచ్చి, ఇక అంబలి వద్దని మారాం చేశాము. అమ్మమ్మ ఏమీ అనలేదు. మరునాటి నుండి మాకు రొట్టె కొని పెట్టింది. తాను అంబలే త్రాగింది. యాభై ఏళ్లు దాటిన తరువాత, తరగతిలో అదే ప్రశ్న మేము అడుగుతున్నప్పుడు, ఆ దినం గుర్తుకు వస్తూనే ఉంటుంది. పిల్లవాడు ఏ జవాబు చెప్పినా ముఖం మార్చకుండా ఉండాలని మేము నేర్చుకొన్నది అక్కడే.

డబ్బాను చదవడం

తోటలు ముక్కలై, ఇళ్ళ స్థలాలై, మన కుటుంబాలు పట్టణాలకు చేరాయి. తెల్లవారి వంట చేసే తీరిక తల్లులకు లేదు. కాబట్టి డబ్బాను నిందించి లాభం లేదు. దానిని చదవడం నేర్చుకొంటే మంచిది. మా తరగతిలో దీనిని ఒక పాఠంగా పెట్టుకొన్నాము. పిల్లలు ఇంటి నుండి ఖాళీ డబ్బాలు తెచ్చారు. వాటిని వరుసగా పెట్టి చూసినప్పుడు తేలినవి ఇవి.

ఓట్స్‌లో గింజను కత్తిరించినవి, అటుకులుగా నొక్కినవి, మరీ పలుచగా నొక్కి వెంటనే ఉడికేవి ఉన్నాయి. అన్నీ ముడి ధాన్యమే. గింజ ఎంత ముతకగా ఉంటే అంత నిదానంగా అరుగుతుంది. ఓట్స్‌లో ఉండే బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు రోజుకు 3 గ్రాముల చొప్పున అందితే రక్తంలో కొలెస్టరాల్ తగ్గడానికి తోడ్పడుతుందని 1997లో అమెరికా ప్రభుత్వ సంస్థ డబ్బాల మీద ప్రకటించడానికి అనుమతించింది. గోధుమ బిళ్ళలు, ష్రెడెడ్ వీట్ సాధారణంగా పొట్టుతో సహా చేసినవే. మ్యూస్లీలో ముడి గింజ ఉంటుంది. ఎండుపండ్లతో బాటు చక్కెర ఎంత కలిపారో చూసుకోవాలి.

మామూలు కార్న్ ఫ్లేక్స్ విషయంలో మాత్రం పిల్లలు ఆశ్చర్యపోయారు. మొక్కజొన్నలో పొట్టు, అంకురము తీసివేసిన తరువాత మిగిలిన గట్టి పలుకులతో చేసినవి అవి. ఆరోగ్యాశ్రమంలో పుట్టిన వంశమే అయినా అవి ముడి ధాన్యం కావు. చక్కెర పూత పూసినవి 1950ల నుండి పిల్లల కోసం విరివిగా వచ్చాయి. వేడినీళ్ళు పోసి కలుపుకొనే పొట్లాలలో కొన్నింటి మీద గింజల బొమ్మ పెద్దదిగా ఉన్నది గాని, లోపలి పదార్థాల పట్టీలో ముందు వరుసలో ఉన్నవి చక్కెర, పాలపొడికి బదులు వేసే పొడి. పట్టీలో ఏది ముందు వ్రాసి ఉంటే అది ఎక్కువ అన్నమాట. ముడి గింజ పేరు మొదట ఉన్నదా, చక్కెర ఎన్నవది, ఈ రెండూ చూస్తే చాలునని పిల్లలే సూత్రం చెప్పారు.

ఇది కేవలం పాండిత్యం కోసం చెప్పడం లేదు. 2023లో ఈ దేశంలో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో ప్రతి ఆరుగురిలో ఒకరికి చక్కెర వ్యాధి ఉన్నట్లు తేలింది. భారత సంతతి వారిలో ఇది మరింత ఎక్కువ. మన సంఘం సమావేశాలలో టీ ఇచ్చేటప్పుడు "చక్కెర లేకుండా" అనే గొంతులు ఎన్ని వినిపిస్తాయో పాఠకులకు తెలియనిది కాదు. ముడి గింజ ఒక్కటే ఈ వ్యాధిని మాన్పదు. చోడి అంబలి కూడా పిండిపదార్థమే, అతిగా త్రాగితే అదీ చక్కెర పెంచుతుంది. వైద్యుని మాట వైద్యునిదే. అయినా, తెల్ల రొట్టె, తీపి సీరియల్ స్థానంలో ముడి గింజ వస్తే మేలు అన్నదానిలో ఈనాడు వైద్యులకు భేదాభిప్రాయం లేదు.

ఒక కోరిక

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన సామెత. మనం పెరటి చెట్టును నరికివేసి, దాని ఆకునే డబ్బాలో కొనుక్కొంటున్నాము. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన తరువాత రాగి అటుకులు, రాగి బిస్కట్లు అందమైన డబ్బాలలో ఇక్కడి అంగళ్ళకు కూడా వస్తున్నాయి. కొనవద్దని మేము అనము, మేమూ కొంటున్నాము. కాని కిలో చోడి పిండి ధర, ఆ డబ్బా ధర ప్రక్కప్రక్కన పెట్టి చూడమని మాత్రం అంటాము.

మా తరగతిలో ఇప్పుడు నెలకు ఒక శనివారం అంబలి కాచుతున్నాము. వరండాలో కూర్చొనే ఆ మామ్మగారే తెడ్డు పట్టుకొంటారు. ముక్కు మూసుకొని త్రాగే పిల్లలు కొందరున్నారు. తేనె అడిగేవారు కొందరున్నారు. ఆ ప్రశ్న అడిగిన పాప మాత్రం రెండవసారి గిన్నె చాపుతుంది. ఆమె నోటు పుస్తకంలో "హోల్ గ్రెయిన్" అన్న మాటకు ఎదురుగా మేము వ్రాయించిన "సంపూర్ణ ధాన్యము" కొట్టివేసి, "తవుడు పోని గింజ" అని వ్రాసుకొన్నది. మేము దిద్దలేదు.

పాఠకులకు మా విన్నపం ఒకటే. మీ ఇంట్లో డెబ్బై, ఎనభై ఏళ్ల పెద్దవారు ఎవరైనా ఉంటే, వారు తోటలో పొద్దున్నే ఏమి తిని పనికి వెళ్ళేవారో, దానిని ఏ పేరుతో పిలిచేవారో, ఎలా వండేవారో అడిగి వ్రాసి ఈ పత్రికకు పంపండి. తెలుగు వ్రాయడం రాకపోతే పిల్లల చేత వ్రాయించండి, తప్పులుంటే దిద్దుకొందాము. చోళ్ళు, గంటెలు, తరవాణి, నూకలు, తెడ్డు, ముంత అన్న మాటలు వారి నోట ఇంకా ఉన్నాయి. అడగడానికి మనకు ఇంకా ఎన్నో ఏళ్లు లేవు.